చెలమ నీళ్లతో కడిగిన బొమ్మ

“ఈ నీళ్లు పనికిరావంట.”

దుబాసీ ఆ మాట అనేసరికి కావడి దించిన మనిషికి ఒళ్లు మండింది. పొద్దు పొడిచినప్పటి నుంచి ఊరి బావికీ గుడికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. దొర కుండలోంచి కాసిన్ని నీళ్లు గాజు గొట్టంలోకి తీసుకున్నాడు. జేబులోని బుడ్డి మూత విప్పి రెండు చుక్కలేవో వేశాడు. తేటగా ఉన్న నీళ్లు చూస్తుండగానే పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. దొర తల అడ్డంగా ఊపాడు.

“తాగే నీళ్లే కదప్పా ఇవి. ఊరంతా ఇవే తాగతాండేది.”

“నువ్వు తాగుతావు. ఆయన అద్దం తాగదంట. ఉప్పుందంట.”

అద్దం నీళ్లు తాగేదేందో కావడి మనిషికి అర్థం కాలేదు. గుడి గడప దగ్గర నిలబడి తమాషా చూస్తున్న పూజారి వైపు తిరిగాడు.

“సామీ, లోపల బుగ్గ నీళ్లుండాయి కదా. రెండు కడవలు ఇప్పిస్తే…”

“అభిషేకం నీళ్లు తీసుకపోయి దొర అద్దాలు కడుగుతావా? పో, ఏట్లో తవ్వుకో పో.”

ఇది 1868. ఊరు తాడిపత్రి. చోటు పెన్న దక్షిణపు గట్టు మీద, బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి ముందు.

కావడి మనిషి, దుబాసీ, పూజారి, వాళ్ల మాటలు నేను కల్పించినవి. వేసవి అని పెట్టుకున్నది కూడా నేనే. దొర మాత్రం కల్పన కాదు. ఆయన పేరు ఎడ్మండ్ డేవిడ్ లయన్. బ్రిటిష్ సైన్యంలో కెప్టెన్‌గా చేసి, ఆ కొలువు మానుకున్నాక ఊటీలో ఫోటో స్టూడియో పెట్టుకున్నాడు. దక్షిణాదిలోని పాత గుళ్లను, శిథిలాలను ఫోటోలు తీసి పెట్టమని 1867-68లో మద్రాసు ప్రభుత్వం ఆయనకు పని అప్పజెప్పింది. మధుర, తంజావూరు, శ్రీరంగం, హంపి అంటే సరే, ఎవరైనా పోతారు. వాటితో పాటు ఆయన పెట్టె మోసుకుని తాడిపత్రికి కూడా వచ్చాడు. ఆ ఫోటోల కింద ఊరి పేరు ‘తార్పుత్రి’ అని ఉంటుంది. మన ఊరి పేరు దొర నోటికి లొంగకపోయినా గోపురం మాత్రం కంటికి బాగానే ఆనింది.

తాడిపత్రి ఆ రోజుల్లో యాత్రికుల దారిలో పడే ఊరు కాదు. అనంతపురం జిల్లా అనేదే అప్పటికి లేదు. బళ్లారి జిల్లా నుంచి అది విడివడింది 1882లో. ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసులో బయలుదేరి కాశీయాత్ర చేశాడు కదా, ఆయన తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం చూసుకుంటూ ఉత్తరానికి పోయాడు. కడప దాకా వచ్చినవాడు పెన్న వెంబడి పడమటికి మళ్లి ఉంటే తాడిపత్రి తగిలేదే. ఎందుకు మళ్లుతాడు? పుణ్యం కావాల్సినవాళ్లకు తిరుపతి, శ్రీశైలం ఉన్నాయి. విజయనగర వైభవం చూడాలంటే హంపి ఉంది. ఈ రెంటికీ మధ్య ఎండలో, ఇసుకలో, ఒక ఏటి గట్టున ఉన్న ఊరి కోసం పని మానుకుని వచ్చేదెవరు?

ఇప్పటికీ పెద్దగా మారిందేమీ లేదు. గండికోట లోయ చూసే సరదాతో కార్లలో వచ్చే కుర్రకారులో కొందరు తాడిపత్రి మీదుగానే పోతారు. టీ తాగుతారు, పెట్రోలు పోయించుకుంటారు, పోతారు. అదే పెన్న గండికోట దగ్గర కొండను చీల్చుకుని పోతుంది కాబట్టి అక్కడ ఫోటో. ఇక్కడ ఇసుకలో పడుకుని ఉంటుంది కాబట్టి ఇక్కడ టీ.

మా శింగనమల పక్కవాళ్ల సంగతి ఇంకో రకం. అనంతపురం నుంచి తాడిపత్రికి పోయే దారిలోదే శింగనమల. మాకు తాడిపత్రి అంటే బండల ఊరు. ఇల్లు కట్టినవాడెవడైనా నేలకు నల్లబండ పరచాలంటే అక్కడికి పోవాల్సిందే. ఊరు దగ్గర పడుతుంటేనే పాలిష్ మిషన్ల రొద, రోడ్డు పక్కన ఆరిపోయిన తెల్లటి రాతిబురద, లారీల్లో నిలబెట్టి తాళ్లతో బిగించిన బండలు కనిపిస్తాయి. బేరం కుదిరి, లోడు ఎత్తే లోపల ఒక పూట మిగిలితే ‘గుడికి పోయొద్దాం పా’ అంటారు. గుడి కోసమే బస్సెక్కినవాళ్లను నేను చూడలేదు.

శింగనమలలో నది లేదు. శ్రీరంగరాయల చెరువు ఉంది. విజయనగర రాజుల నాటిది, జిల్లాలోని పెద్ద చెరువుల్లో ఒకటి. ఇప్పుడది నిండాలంటే ఎక్కడో తుంగభద్ర ఎగువ కాలువలో, మావాళ్ల మాటలో హెచ్చెల్సీలో, నీళ్లు వదలాలి. అవి పెన్న మీది మిడ్ పెన్నార్ (ఎంపీఆర్) డ్యాముకు చేరి, అక్కడి నుంచి దక్షిణ కాలువ పట్టుకుని రావాలి. వస్తే చేపలు, వరిమడి. రాకుంటే కంపచెట్లు. ఇలాంటి చోట పుట్టినవాడికి కావడి మనిషి కోపం ఒకరు చెప్పాల్సిన పని లేదు. అప్పటికి రెండేళ్ల కిందట, 1866లో, బళ్లారి జిల్లాను కరువు పట్టి పీడించింది. ఆ కరువు చూసినవాడి ముందు తాగేనీళ్లకు వంక పెడితే ఎట్లుంటుంది?

దొరకు పట్టింది ఉత్త చాదస్తం కాదు. ఆ కాలంలో ఎక్కువమంది చేసే పద్ధతిలో ఫోటో అంటే గాజుపలక మీద తడిగా జరగాల్సిన పని. ముందుగా కొలోడియన్ అనే జిగురు ద్రావకాన్ని పలక మధ్యన పోసి, నాలుగు మూలలకూ పారేట్టు వంచాలి. అది పూర్తిగా ఆరకముందే వెండి నైట్రేటు తొట్టిలో ముంచాలి. దాన్ని చీకట్లోనే చెక్క అరలో బిగించి, పరుగున కెమెరాలో పెట్టి, బొమ్మ తీసి, మళ్లీ చీకట్లోకి తెచ్చి మందు పోసి కడగాలి. ఇదంతా తడి ఆరే లోపల కావాలి. మన ఎండల్లో అంటే కొద్ది నిమిషాలే. వెండి నైట్రేటులో ఉప్పునీటి చుక్క పడితే క్లోరైడు తెల్లగా విరిగి తొట్టి మొత్తం చెడుతుంది. గాజు గొట్టంలో తెల్లబడింది అదే. అందుకే ఫోటోలు తీసేవాళ్లు గాజుపలకలను ఎంత జాగ్రత్తగా మోసుకొచ్చేవాళ్లో, మంచినీళ్ల జాడ కోసం అంతగా వెతికేవాళ్లు.

సరే, కావడి మనిషి ఏట్లోకి దిగాడు.

వేసవిలో పెన్న అంటే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఇసుకే. నంది కొండల్లో పుట్టి, ఉత్తరంగా వచ్చి, పామిడి దాటాక తూర్పుకు తిరిగి, 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు దాటి సముద్రంలో కలిసే నది అది. తాడిపత్రి దగ్గర మాత్రం ఏడాదిలో ఎక్కువ నెలలు పైకి కనపడదు. నీళ్లు ఇసుక కింద నడుస్తుంటాయి. ఆ సంగతి తెలిసినవాళ్లకే దొరుకుతాయి.

అతను గట్టుకు దగ్గర్లోనే తవ్వడం మొదలుపెట్టాడు. మోచేతి లోతు పోయినా పొడి ఇసుకే. పక్కలు జారి గుంత పూడుతోంది. మేకలు తోలుకొచ్చిన ముసలామె చూసి నవ్వింది.

“యాడబడితే ఆడ తవ్వితే వస్తాయా నాయనా? ఆ తుంగ పచ్చగుండే కాడికి పో. పైన ఇసక నల్లగా తేమగుండాది చూడు, ఆడ.”

“దొరకంట అవ్వా. ఉప్పు తగలకూడదంట.”

“దొరకైతే ఏం, గొడ్డుకైతే ఏం. చెలమ నీళ్లు చెలమ నీళ్లే.”

చెలమ తీయడం చూడనివాళ్ల కోసం చెప్తాను. పారతో చేసే పని కాదది. చేతులతో, వెడల్పుగా, గిన్నె ఆకారంలో తోడుకుంటూ పోవాలి. నిలువుగా తవ్వితే గోడలు కూలతాయి. తడి తగిలాక ఆగి, ఊట కోసం కూర్చోవాలి. మొదట ఊరేది బురదనీళ్లు. అవి తోడి పారబోయాలి. రెండోసారి ఊరేవి కూడా కలకగానే ఉంటాయి, వాటినీ పారబోయాలి. మూడోసారికి అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టేంత తేట వస్తుంది. అప్పుడు కొబ్బరిచిప్పతో, అడుగు కదలకుండా, పైపైన ముంచి కుండలో పోసుకోవాలి. కుండ మూతికి గుడ్డ కట్టాలి. కుండ నిండే లోపల రెండుమూడు సార్లు ఆగి ఊట కోసం చూడాల్సిందే. తొందరపడితే మళ్లీ బురదే.

కావడి నిండేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

ఈసారి గాజు గొట్టంలో నీళ్లు తెల్లబడలేదు. దొర ఏమీ అనకుండా నల్లగుడ్డ డేరాలోకి దూరాడు. లోపలి నుంచి మత్తు వాసన గుప్పున కొట్టింది. అది కొలోడియన్‌లోని ఈథరు. ఊరి పిల్లలు ముక్కులు మూసుకుని దూరం జరిగారు. దొర వేళ్లు కొసల దాకా నల్లగా మసిబారి ఉన్నాయి. వెండి నైట్రేటు తగిలిన చోట చర్మం అట్లాగే అవుతుంది, ఎంత తోమినా పోదు.

మొదటి పలక చెడింది. గాలి లేచి ఏటి ఇసుక ఎగిరింది. తడి పలక మీద పడిన రేణువు అక్కడే అతుక్కుని బొమ్మలో చుక్కలు చుక్కలుగా మిగులుతుంది. డేరా గుమ్మంలో పలకను ఎండకు ఎత్తి చూసి, దుబాసీ చేతికిచ్చి, గీరెయ్యమన్నాడు. గాజు మళ్లీ పనికొస్తుంది. అంత దూరం మోసుకొచ్చింది పారెయ్యరు. రెండో పలకకు నీళ్లు చల్లి నేల తడిపారు. అంటే, చెలమలో ఊరిన నీళ్లలో సగం దుమ్ము అణచడానికే పోయాయి. కావడి మనిషి అది చూస్తూ నిలబడ్డాడు.

దొర కెమెరా మూత తీసి వేళ్ల మీద లెక్కపెట్టాడు. పది దాటింది, ఇరవై దాటింది. అంతసేపూ ఎవరూ కదలకూడదు. కదిలినవాళ్లు బొమ్మలో పొగలాగా చెదిరిపోతారు, నడిచి దాటిపోయినవాళ్లు అసలు పడరు. ఆ కాలపు ఫోటోల్లో మన గుళ్లన్నీ పాడుబడిన చోట్లలాగా నిర్మానుష్యంగా కనిపించడానికి ఇదొక కారణం. మేకలు, పిల్లలు, పూజారి, కావడి మనిషి అందరూ అక్కడే ఉంటారు. అద్దానికి మాత్రం కనపడరు.

మూత పెట్టి, పలక పట్టుకుని డేరాలోకి పరుగు. ఇనుప మందు పోశాడు. బొమ్మ లేచింది. దాని మీద చెలమ నీళ్లు పోశారు.

ఆ బొమ్మలో ఏముందంటే, ఇంత శ్రమపడి తీయాల్సినదే ఉంది.

గోపురం ఎట్లుంటుందో మనకందరికీ తెలుసు. కింద నిలువుగా రాతి భాగం, పైన మెట్లు మెట్లుగా సన్నబడే ఇటుక భాగం. బొమ్మలన్నీ పైనే ఉంటాయి, సున్నంతో చేసి రంగులు వేసి. కింది రాతి భాగం సాదాగా ఉంటుంది. తాడిపత్రిలో ఈ లెక్క తలకిందులైంది. ఉత్తరపు గోపురం నిలువు భాగం దగ్గరే ఆగిపోయింది. ఆ నిలువు భాగమంతా, అడుగున వరసల నుంచి పై చూరు దాకా, చేయి పెట్టే సందు లేకుండా చెక్కేశారు. గుమ్మం పక్కన మకరం మీద నిలబడి తీగ పట్టుకున్న స్త్రీమూర్తి, ఆ తీగ చుట్టలు చుట్టలుగా పైదాకా పాకడం, చిన్న చిన్న గూళ్లు, ఒక్కో గూటికి మళ్లీ దాని సొంత గోపురం. రాయి మెత్తటి గుళ్ల రాయి కాదు. గట్టి, సన్నరేణువు నల్లరాయి. అందుకే ఉలి గీసిన అంచు ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా వేలికి గుచ్చుకుంటుంది.

కట్టించినవాళ్లు గండికోట ఏలిన పెమ్మసాని నాయకులు, విజయనగరానికి సామంతులు. ఈ గుడి పెమ్మసాని రామలింగ నాయుడి కాలంలో, 1490-1509 మధ్య లేచిందని చెప్తారు. ఊళ్లోనే ఉన్న చింతల వెంకటరమణస్వామి గుడి ఆ తర్వాతి తరం వాళ్లది. అక్కడి గరుడ మండపం హంపి రాతిరథం పోలికలో చక్రాలతో ఉంటుంది, గోడల మీద రామాయణం నడుస్తుంది. పిల్లలను తీసుకెళ్తే వాళ్లకు అదే నచ్చుతుంది. నా ఓటు మాత్రం ఏటి ఒడ్డు గుడికే. అక్కడ లింగం కింద నుంచి ఊట వస్తుంటుంది, అదే బుగ్గ. ఏరు ఎండినా స్వామి కింద తడి ఆరదని ఊళ్లోవాళ్ల మాట. కరువు సీమలో దేవుడికి అంతకు మించిన మహిమ ఏం కావాలి?

లయన్ ఫోటోలు 1870 నాటికి లండన్‌లో వివరణలతో సహా పుస్తకమయ్యాయి. ఆ వివరణలను సరిచూసి పెట్టినవాడు జేమ్స్ ఫెర్గూసన్. ఆయనదొక చిత్రమైన జీవితం. బెంగాలులో నీలిమందు వ్యాపారం చేసి డబ్బు గడించి, ఆ డబ్బుతో దేశమంతా తిరిగి గుళ్ల బొమ్మలు గీసుకుని, చివరికి భారతీయ వాస్తుశిల్పం మీద మాట చెల్లే పెద్దమనిషి అయ్యాడు. 1876లో అచ్చయిన ఆయన పెద్ద చరిత్ర గ్రంథంలో తాడిపత్రి గోపురాలకు చోటు దక్కింది. మామూలుగా సాదాగా వదిలేసే నిలువు భాగాన్ని ఇక్కడ మొత్తం చెక్కారనీ, ఆ చెక్కడంలోని పదును, తీరు చూస్తే ఈ శైలిలో ఇంతకన్నా నిండైనదీ, బహుశా ఇంతకన్నా మంచి అభిరుచితో చేసిందీ ఇంకొకటి లేదనీ ఆయన తీర్పు. దక్షిణాది గుళ్లను మెచ్చుకోవడంలో ఫెర్గూసన్ పిసినారి. విజయనగరం తర్వాతి కట్టడాలంటే మరీను. అట్లాంటివాడి నోట ఆ మాట రావడం చిన్న సంగతి కాదు. ఆ తీర్పు చదివి లండన్‌లో ఎంతమంది తలలూపారో గానీ, వీరాస్వామి లాంటి మన యాత్రికులకు మాత్రం తాడిపత్రి తెలియకుండానే ఉండిపోయింది.

1871లో మద్రాసు నుంచి వచ్చిన రైలు దారి రాయచూరు దగ్గర బొంబాయి దారితో కలిసింది. ఆ దారిలోదే తాడిపత్రి స్టేషను. రైలొచ్చింది కాబట్టి యాత్రికులు రావాలి. వచ్చింది బండలు, పత్తి, వేరుశనగ మోసుకుపోయే వ్యాగన్లు. ఆ తర్వాత సిమెంటు. రైలు దిగే తీరికున్నవాళ్లు తిరుపతిలోనే దిగారు.

ఇప్పుడు రెండు గుళ్లూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. కంచె, బోర్డు, పచ్చిక ఉన్నాయి. గుడి వెనక గట్టు మీద నిలబడి చూస్తే ఏరు 1868లో ఉన్నంత కూడా లేదు. పైన డ్యాములు కట్టాం కదా, వాటిలో ఒకటి మా చెరువుకు నీళ్లిచ్చేది కూడాను. కాబట్టి శింగనమలవాణ్ని నేను పెన్న ఎండిందని ఏడవడానికి అర్హుణ్ని కాను. ఇసుక సంగతి వేరు. ఇసుకను టిప్పర్లకెత్తి పంపిన చోట చెలమ తీయడానికి ఏముంటుంది? కింద రాయి తగులుతుంది. ముసలామె చూపించిన తుంగ కోసం ఇప్పుడు చాలా దూరం నడవాలి.

పోవాలనుకునేవాళ్లకు ఒక మాట. చలికాలంలో హాయిగా ఉంటుందని డిసెంబరులో పోతే ఉత్తరపు గోపురం బయటి ముఖం, అంటే ఏటి వైపుది, రోజంతా నీడలోనే ఉంటుంది. సూర్యుడు దక్షిణాన ఉంటాడు కాబట్టి చెక్కడమంతా మసకమసకగా కనిపిస్తుంది. తాడిపత్రి దాదాపు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి నుంచి ఆగస్టు రెండో వారం దాకా మాత్రమే మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఒరుగుతాడు. ఆ రోజుల్లో ఎండ గోడ మీద పైనుంచి కిందికి జారుతుంది. ప్రతి గూడూ, ప్రతి తీగ మలుపూ దాని నీడ అది వేసుకుని లేచి నిలబడతాయి. కాబట్టి నలభై దాటిన ఎండలో, పన్నెండు గంటలకు పోవాలి. అనంతపురంలో పొద్దున్నే తాడిపత్రి బస్సెక్కితే శింగనమల మీదుగా ఆ వేళకు సులువుగా చేరతారు. తలకు తువ్వాలు చుట్టుకోండి. చెప్పులు విడిచే ముందు నీడపట్టున ఉన్న బండ ఏదో చూసుకోండి. నీళ్లు మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోండి.